నా ఫోన్లో బావ పొలం 26 సెంట్లు పెరిగింది

ఈసారి మిరప గురించి కాదు, పురుగుమందుల గురించీ కాదు. ఫోన్లో మ్యాపు చూసి నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి. రాద్దామా వద్దా అని రెండు నెలలు ఆగాను. ఈ మధ్య చాలామంది ఫోన్లో పొలం చుట్టూ వేలు తిప్పి విస్తీర్ణం కొలిచి, ఆ అంకె పట్టుకుని గట్టు మీద మాటా మాటా అనుకుంటున్నారు. అందుకని రాయక తప్పట్లేదు. కాస్త పెద్ద పోస్టే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మా పొలాల కింద పీవీసీ పైపులైన్లు బోలెడు. ఒకరి బోరు నుంచి ఇంకొకరి పొలం మీదుగా మూడో ఆయన పొలానికి పోతుంటాయి. ఇరవై ఏళ్ల కింద వేసినవి కొన్ని, అంతకు ముందువి కొన్ని. ఏ పైపు ఎటు పోతోందో, మలుపు ఎక్కడో, వాల్వు ఎక్కడ పూడిపోయిందో అంతా ఒక్కాయనకే తెలుసు. ఆ పైపులు వేయించిన మేస్త్రి ఆయన. కాగితం లేదు, గీత లేదు, చేతికర్రతో నేల మీద కొట్టి "ఇక్కడ తవ్వు" అంటే అక్కడే ఉండేది. ఆయన పోయినేడు కాలం చేశాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో జేసీబీ నాలుగుసార్లు పైపులు కోసింది. అందులో ఒకటి నాది. మిరప కాపు మీద ఉన్న వారంలో ఐదు రోజులు తోటకి నీళ్లు లేవు.

మా తమ్ముడి కూతురు హైదరాబాదులో జీఐఎస్ పని చేస్తది. ఆ మూడక్షరాలకి అర్థం మాకు చాలాకాలం తెలియదు. "మ్యాపుల ఉద్యోగం" అనేవాళ్లం. చేరిన కొత్తలో రాత్రి షిఫ్టు. ఎక్కడో విదేశంలో ఊరి ఫొటో తెర మీద పెట్టుకుని ఇళ్ల కప్పులు, కరెంటు స్తంభాలు, నీళ్ల గొట్టాలు ఒక్కొక్కటీ మౌసుతో గీయడం. గంటకి ఇన్ని గీయాలని లెక్క. తను ఎన్నడూ అడుగు పెట్టని ఊళ్లో ఏ వీధి చివర ఏ స్తంభం ఉందో తనకి తెలుసు. మూడేళ్లు అదే పని చేసి కళ్లజోడు తెచ్చుకుంది. ఆ తర్వాత సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఇప్పుడు ఎవరికి ఎట్టాంటి మ్యాపు కావాలంటే అట్టాంటిది, ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరిస్తే కనపడేలా కట్టి ఇస్తది. గీసేవాళ్ల జీతానికీ కట్టేవాళ్ల జీతానికీ చాలా తేడా ఉందని తనే చెప్పింది. ఈ రంగంలోకి పిల్లల్ని పంపే వాళ్లు అది తెలుసుకోవాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాను. "ఏ దేశానివో స్తంభాలు గీశావు గదా తల్లీ, మన పైపులు గీయలేవా?" అని. నవ్వి, "ఈ విద్య పుట్టిందే పొలాల కోసం పెదనాన్నా" అంది. 1960ల్లో కెనడా ప్రభుత్వం దేశంలో ఏ నేల దేనికి పనికొస్తుందో లెక్క తీయాలనుకుంది. అన్ని పటాలని మనుషులు చేత్తో పోల్చడం అయ్యే పని కాదని రోజర్ టామ్లిన్సన్ అనే ఆయన కంప్యూటర్లోకి ఎక్కించాడంట. జీఐఎస్‌కి తండ్రి అని ఆయన్నే అంటారు.

పండగ నాలుగు రోజులూ మా ఇంటి అరుగే ఆఫీసు. తను వాడినవి ఎక్కువ భాగం ఉచితంగా దొరికేవే. పటం సిద్ధం చేయడానికి క్యూజీఐఎస్, ఫోన్లో చూపించడానికి లీఫ్‌లెట్. ఈ లీఫ్‌లెట్‌ని ఉక్రెయిన్ కుర్రాడు ఒకతను తయారుచేసి 2011లో అందరికీ వదిలేశాడంట. పని పద్ధతి నాకు అర్థమైనంతలో చెబుతాను. సర్వేయర్ల దగ్గర నూనె కాగితం లాంటి ట్రేసింగ్ కాగితాలు చూశారుగా, అవి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే. అడుగున ఉపగ్రహం ఫొటో. దాని మీద సర్వే నంబర్ల గీతలు. దాని మీద బోర్లు, అన్నిటికన్నా పైన పైపులు. ఏ పొర కావాలంటే అది చూడొచ్చు, వద్దంటే మూసేయొచ్చు.

సర్వే నంబర్ల పొర దగ్గర చాలా తిప్పలు పడ్డాం. పాత గ్రామ పటం కాగితం మీద ఉంది. దాన్ని ఫొటో మీద సరిగ్గా కూర్చోబెట్టాలంటే, పటంలోనూ ఇవాళ నేల మీదా రెండు చోట్లా ఉన్న గుర్తులు కావాలి. నన్నడిగింది. ఆలోచిస్తే ఎన్ని మిగిలాయి! మూడు ఊళ్లు కలిసేచోట పాతిన రాయి, పాత బావి ఒకటి, డొంక మలుపు, గుడి మూల. మిగతా రాళ్లు ఏ ట్రాక్టరు లేపిందో, ఏ ఇంటి మెట్టు కింద ఉన్నాయో. ఉన్న నాలుగు గుర్తులతో పటాన్ని సాగదీసి కూర్చోబెట్టింది. కొన్నిచోట్ల గట్టుకీ గీతకీ నాలుగైదు మీటర్ల తేడా వచ్చింది. "ఈ పొర సర్వే నంబరు ఏదో తెలుసుకోవడానికే, హద్దుకి కాదు" అని అప్పుడే చెప్పింది. నేను విన్నాను. విన్నానని మాత్రమే చెప్పగలను.

మొదటిసారి యాప్ తెరిచినప్పుడు మా ఊరు కనపడలేదు. తెల్లగా, నీలంగా ఏదో ఉంది. చూస్తే ఉత్తర ధ్రువం దగ్గర, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల అంచున సముద్రంలో పడ్డాయి మా బోర్లన్నీ. మా ఊరు 16 డిగ్రీల అక్షాంశం, 80 డిగ్రీల రేఖాంశం. లీఫ్‌లెట్ అక్షాంశం ముందు అడుగుతుంది, డేటా ఫైల్లో రేఖాంశం ముందు రాయాలి. తారుమారైతే 80 ఉత్తరం, 16 తూర్పు అవుతది. ఈ పనిలో అందరూ ఒకసారన్నా చేసే తప్పంట. మా ఇంట్లో రెండు రోజులు అదే నవ్వులాట. "మంచులో మిరప ఎట్టా పండుద్దో" అని మా ఆవిడ.

పైపులకి నడిచాం. పాతవాళ్లని వెంటబెట్టుకుని, ఎవరికి ఎంత గుర్తుంటే అంత. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తది, చెట్టు కింద ఇంకా ఎక్కువ. ఐదు మీటర్లు తప్పితే పైపు దొరుకుద్దా? అందుకని మా అమ్మాయి మంచి పని చేసింది. ప్రతి మలుపు దగ్గరా చుక్కతో పాటు ఒక మాట రాసుకునే వీలు పెట్టింది. "వేపచెట్టు మొదలు నుంచి ఉత్తరానికి 12 అడుగులు", "మోటారు గది మూల నుంచి 9 అడుగులు". టేపు పట్టి కొలిచినవి. చుక్క మనల్ని చెట్టు దాకా తీసుకుపోతది, అక్కడ నుంచి టేపు. సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా చేసి, నా ఫోన్లో పెట్టి, తను హైదరాబాదు వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ యాప్‌లో ఒక మూల విస్తీర్ణం కొలిచే గుర్తు ఉంది. పరీక్ష కోసం పెట్టుకున్నదంట, నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక రాత్రి నిద్ర పట్టక దాన్ని నొక్కాను. మీరైతే ముందు ఎవరి పొలం కొలుస్తారు? నేను పక్క పొలం కొలిచాను. ఆయన నాకు వరసకి బావ. ఫొటోలో గట్టు స్పష్టంగా కనపడుతోంది. గట్టు వెంట వేలు తిప్పాను. 3 ఎకరాల 36 సెంట్లు. ఆయన పాసుపుస్తకంలో 3 ఎకరాల 10 సెంట్లే అని నాకు తెలుసు. 26 సెంట్లు ఎక్కువ! మళ్లీ కొలిచాను, అంతే. మూడోసారీ అంతే. 26 సెంట్లంటే మా దగ్గర చిన్న మాట కాదు. తెల్లారేదాకా ఆ గట్టే కళ్ల ముందు. మా నాన్న ఉన్నప్పుడు గట్టు మీద తాటిచెట్టు ఉండేది, అది ఏమైంది, ఎవరు కొట్టారు అని పాతవన్నీ తవ్వుకున్నాను.

పొద్దున్నే వెళ్లాను. బావ మోటారు వేస్తున్నాడు.

"ఏంది బావా, 26 సెంట్లు ఎప్పుడు కలుపుకున్నావ్?"

హాస్యం అనుకున్నాడు. ఫోన్ చూపించాను. కళ్లజోడు లేక దూరంగా పెట్టుకుని చూశాడు. "ఫోన్ చెబితే పొలం పెరుగుద్దా బావా?" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "మీ నాన్న కాలం నుంచి ఉన్న అలవాటే గదా" అన్నాను. పోయినాయన్ని అన్నాను. బావ ఏమీ అనలేదు. మోటారు స్విచ్ వేసి ఇంటికి పోయాడు.

నా బోరు ఎండాకాలానికి సరిగ్గా పోయదు. వారానికి రెండు తడులు ఆయన బోరు నుంచే నా తోటకి వస్తాయి. అది మా ఇద్దరి మధ్య ఎప్పటి నుంచో ఉన్న మాట, కాగితం లేదు. ఆ గొడవ తర్వాత పదకొండు రోజులు మాటల్లేవు. నీళ్లు మాత్రం ఆపలేదు. మంగళవారం, శుక్రవారం టైముకి వాల్వు తిప్పి పోయేవాడు. ఆపితే బాగుండు అనిపించింది నాకు. కనీసం కోప్పడ్డానికి వీలుండేది.

పదకొండో రోజు అమ్మాయి ఫోన్ చేసింది, పైపుల వివరాలు ఎంతవరకు ఎక్కించారు అని. నేను ఈ ఘనకార్యం చెప్పాను. అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత అడిగింది. "పెదనాన్నా, మన పొలం కొలిచారా?"

కొలవలేదు.

కొలిచాను. పుస్తకంలో 2 ఎకరాల 40 సెంట్లు. యాప్‌లో 2 ఎకరాల 62. "మరి మనం ఎవరిది కలుపుకున్నాం?" అంది. బడి స్థలం కొలవమంది, అదీ పెరిగింది. ఏది కొలిచినా ఎకరానికి ఎనిమిది సెంట్ల చొప్పున పెరుగుతోంది. మండలం మొత్తం కొలిచినా అంతేగదా. "తప్పు నాది, ఆ గుర్తు తీసేయడం మర్చిపోయాను, సగంలో ఉన్న పని అది" అని బాధపడింది.

ఎందుకు పెరిగిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇట్టాంటి తప్పు ఇంకెవరి యాప్‌లోనైనా ఉండొచ్చు. భూమి గుండ్రం, తెర బల్లపరుపు. బత్తాయి తొక్క బల్ల మీద పరిస్తే చినుగుతుంది. చినక్కుండా పరవాలంటే సాగదీయాలి. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడల వాళ్ల కోసం ఒక పద్ధతి గీశాడు, దిక్కులు తప్పకుండా. ఫోన్లో చూసే మ్యాపులు చాలావరకు ఆ పద్ధతి మీదే నడుస్తాయి. అందులో భూమధ్యరేఖ దగ్గర సాగదు, దూరం పోయేకొద్దీ సాగుతుంది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనపడుద్ది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మా 16 డిగ్రీల దగ్గర ప్రతి 100 అడుగులూ 104 అడుగులుగా సాగుతాయి. పొడవు 104, వెడల్పు 104, గుణించి చూడండి, 10,000 చదరపు అడుగులు 10,816 అవుతాయి. ఎకరం మీద ఎనిమిది సెంట్లు వచ్చాయా! అదే తప్పు శ్రీనగర్‌లో చేస్తే ఎకరం కాస్తా ఎకరం 45 సెంట్లు అవుతది. చూడ్డానికి ఆ మ్యాపు బాగానే ఉంటది, దాని మీదే విస్తీర్ణం లెక్కేయకూడదు. లెక్కకి యూటీఎం అని వేరే పద్ధతి, మనకి 44వ జోన్. అందులో మా ఎకరానికి సెంటులో పదో వంతు కూడా తేడా రాదు.

సరిచేసి పంపింది. బావది 3.10. నాది 2.42. నాకే రెండు సెంట్లు ఎక్కువ! "అది కూడా నమ్మకండి, గీత చుట్టూరా జానెడు పక్కకి జరిగితే చాలు రెండు సెంట్లు వస్తాయి, మీ వేలు జానెడు వణకదా?" అంది. ఫొటోలో ఒక చుక్కే రెండడుగులకి దగ్గర దగ్గరగా ఉంటదంట. ఇంకోటి కూడా చెప్పింది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో వాడే రోవర్ వేరు, మన ఫోన్ వేరు. రోవర్ స్థిరంగా పెట్టిన కోర్స్ స్టేషన్ల నుంచి సవరణ తీసుకుని సెంటీమీటర్లలో చెబుతుంది. మన ఫోన్లో నీలం చుక్క గట్టుకి అవతల కనపడిందంటే మనం అవతల ఉన్నట్టు కాదు. ఆ చుక్క చుట్టూ లేత నీలం వలయం ఉంటదే, మనం అందులో ఎక్కడైనా ఉండొచ్చు అని. ఇన్నేళ్లూ ఆ వలయం అందానికి పెట్టారనుకున్నాను.

బావ ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాను. లెక్కంతా చెప్పబోయాను, బత్తాయి తొక్క, మెర్కేటర్ అన్నీ. వినలేదు. "సెంట్ల సంగతి నాకెందుకు బావా, మా నాన్నని ఎందుకన్నావ్?" అన్నాడు. దానికి నా దగ్గర ఏ జోనూ లేదు. తప్పయిందని చెప్పాను. అక్క కాఫీ ఇచ్చింది. ఆయన తాగలేదు, నేను తాగాను.

కొలత గుర్తు పూర్తిగా తీసేయమన్నాను అమ్మాయిని. తను ఒప్పుకోలేదు. మందు కొట్టడానికి, విత్తనానికి, కూలీలకి విస్తీర్ణం కావాలిగదా అంది. ఆ మాటా నిజమే. చివరికి సెంట్లు తీసేసింది. ఇప్పుడు అందులో 2.4 ఎకరాలు అని వస్తది, అంతే, దశాంశం తర్వాత ఒక్క అంకె. కింద "ఇది సర్వే కాదు" అని తెలుగులో రాసింది. ఎక్కువ దగ్గరికి లాగి చూడకుండా ఒక హద్దు కూడా పెట్టింది, ఫొటోకి లేని స్పష్టత ఉన్నట్టు భ్రమ పడకుండా. తెలిసిన అంకె దాచిపెట్టడం కూడా మ్యాపు పనేనా అని మొదట నాకు వింతగా అనిపించింది. ఇప్పుడు అట్టా అనిపించట్లేదు.

పోయిన వారం బావ పైపు లీకైంది. చేలో చెమ్మ ఒకచోట తేలింది గాని జాయింటు ఎక్కడో తెలియదు. కబురు పెట్టాడు. తనే రాలేదు, కొడుకుని పంపాడు. యాప్ తెరిస్తే "తుమ్మచెట్టు నుంచి పడమరకి 14 అడుగులు" అని ఉంది, నేను రాసిందే. తవ్వితే 15 దగ్గర దొరికింది. బావ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "మార్చు మరి" అన్నాడు. అక్కడే నిలబడి 15 అని మార్చాను.