నజ్మా వీధిలో ఒక పన్ను పైకి

దోహాలో కాపురం పెట్టి ఎన్నేళ్ళయినా మన సభ్యులలో చాలామందికి నజ్మాతో రెండే పనులు. పాత సోఫా కొనాలన్నా అమ్మాలన్నా సూఖ్ హరాజ్. కారుకి అద్దమో వైపరో పోతే అక్కడి విడిభాగాల దుకాణాలు. అరబ్బీలో నజ్మా అంటే నక్షత్రం. పేరు ఆకాశాన ఉన్నా పేట మాత్రం అచ్చంగా నేలమీదే ఉంది. గ్రీజు మరకల కాలిబాటలు, టైర్ల దొంతర్లు, మలయాళీ టీ కొట్లు, మేడల బాల్కనీల్లో ఆరేసిన లుంగీలు. కొత్త దోహా గాజు మేడలు చూసి వచ్చిన చుట్టాలకి ఈ పేట కూడా చూపించమని నా సలహా. బెజవాడ ఆటోనగర్ గుర్తుకొచ్చి వాళ్ళ ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు ఈ వీధుల్లో కార్లకన్నా ముందు కంటబడేవి డెలివరీ మోటారు సైకిళ్ళు. వెనక పెద్ద పెట్టె, ముందు ఫోను, మధ్యలో హెల్మెట్టు తొడుక్కున్న మనిషి. మనం ఇంట్లో కూర్చుని బిర్యానీ తెప్పించుకున్నప్పుడు తలుపు దగ్గర అరనిమిషం కనబడి పోయే ఆ మనిషి చాలాసార్లు మన మనిషే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, లేదంటే కడప.

ఒక శుక్రవారం సాయంత్రం వైపరు కోసం వెళ్ళి, పక్కనున్న చిన్న మోటారు సైకిలు షాపు ముందు ఆగాను. జగిత్యాల వైపు కుర్రవాడొకడు బూటు విప్పి పాదం నొక్కుకుంటున్నాడు. తెలుగు వినగానే, "కూసో అన్నా" అని తన స్టూలు నాకిచ్చి తాను మెట్టు మీద కూర్చున్నాడు.

"గేరు పైకి ఎత్తుడు అయితలేదన్నా. పొద్దుగూకేసరికి కాలు గుంజుతది, రాత్రి పండుకుంటే మడమకాడ సలుపుతది. నెల దాటితే ఈ పని నాతోని కాదు" అన్నాడు. ఇక్కడికి రావడానికి చేసిన అప్పు ఇంకా సగం కూడా తీరలేదట.

మనకిది చిన్న విషయంగా తోచవచ్చు. కాస్త లెక్క వేసి చూడండి. ఒక సిగ్నలు దగ్గర ఆగి మళ్ళీ కదిలితే నాలుగు గేర్లు పైకి, తరువాతి సిగ్నలు దగ్గర నాలుగు కిందికి. మొత్తం ఎనిమిది. రోజుకి వంద సిగ్నళ్ళనుకుంటే ఎనిమిది వందల సార్లు. ప్రతిసారీ పాదం కాస్త వంకరగా తిరగాల్సివస్తే సాయంత్రానికి ఆ చీలమండలో ఏం మిగులుతుంది?

పైగా ఇంకొక చిక్కు. వాళ్ళ నాన్న బండి స్ప్లెండరు. 1994లో వచ్చిన ఆ బండి మన పల్లెలన్నిటికీ మోటారు సైకిలు నేర్పిన గురువు. దానికి నాలుగు గేర్లూ ముందుకి, అంటే కిందికి, నొక్కడమే. ఇక్కడ కంపెనీ ఇచ్చిన బండికి మొదటిది కిందికి, మిగతా నాలుగూ పైకి. కాలి వేళ్ళు నొప్పి పుట్టినప్పుడు ఎత్తడం కష్టం, నొక్కడం తేలిక. కాలు తనకు తెలిసిన పాత దారి పడుతుంది. ఆ వారమే సి-రింగు రోడ్డు మీద మంచి వేగంలో ఉండగా అయిదో గేరు వేయబోయి కిందికి నొక్కేశాడు. మూడో గేరు పడింది, బండి ఒక్క కుదుపు కుదిపింది, వెనక వస్తున్న పెద్ద కారు కీచుమని ఆగింది. ఆ మాట చెప్పేటప్పుడు కుర్రవాడు నవ్వాడు గాని ఆ నవ్వు నాకు నచ్చలేదు.

గేరు ఎటు వెయ్యాలన్న దానిమీద మోటారు సైకిళ్ళ లోకంలో చాలాకాలం ఎవరి మతం వారిదే. మన పాత బుల్లెట్టుకి గేరు కుడికాలితో, బ్రేకు ఎడమకాలితో; ఒకటోది పైకి, మూడు కిందికి. యెజ్డీకి గేరు ఎడమవైపు, అదే కడ్డీ కిక్కు కొట్టడానికి కూడా! అమెరికాలో 1975 మోడళ్ళనుంచి గేరు ఎడమకాలికే ఉండాలి, పైకెత్తితే పై గేరు పడాలి అని ప్రభుత్వం శాసించాక బ్రిటిషు కంపెనీలు సైతం దారికొచ్చాయి. మన స్ప్లెండరు రాలేదు. తమాషా ఏమిటంటే, ఇదే దేశంలో లుసైల్ పందేల బాట మీద, 2004లో మొదటిసారి ప్రపంచ పోటీ జరిగి 2008 నుంచి రాత్రి దీపాల వెలుగులో నడిచే ఆ బాట మీద, పందెగాళ్ళలో ఎక్కువమంది కూడా కిందికి నొక్కే పై గేరు వేస్తారు. ఎడమపక్కకి నేలకంటా వాలినప్పుడు కడ్డీ కింద వేలు దూర్చే చోటుండదు గనుక. ఈ సంగతి చెబితే కుర్రవాడికి కాస్త హుషారొచ్చింది. "అయితే మా నాయిన బండే రేసు బండన్నమాట!"

షాపు ఉస్తాదు పెద్దవాడు, హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఆయన ముందు గేరు జోలికి పోలేదు. క్లచ్చు రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. క్లచ్చు తీగ మరీ వదులైతే గేరు మొండికేస్తుంది, తప్పు కాలిమీద పడుతుంది. చివర రెండు సెంటీమీటర్ల లోపు ఆట ఉంటే చాలునట. అది సరిగానే ఉంది. తరువాత కుర్రవాణ్ణి బూట్లు తొడుక్కుని, బండి సెంటర్ స్టాండు మీద ఉండగా ఎక్కి కూర్చోమన్నాడు. "ఉత్త కాలితో కొలిస్తే లాభం లేదు" అని. అక్కడే దొరికింది రోగం. బూటుకి ముందు ఇనుప టోపీ ఉంది. ఊళ్ళో చెప్పులతో నడిపిన పాదం ఇక్కడ రెండింతలు మందమైంది. కడ్డీ కింద అది దూరక, కుర్రవాడు మోకాలు బయటికి తిప్పి, మడమ ఎత్తి, పాదాన్ని ఏటవాలుగా తోస్తున్నాడు.

మందు చాలా చిన్నది. గేరు కడ్డీ ఒక పళ్ళ ఇరుసు మీద కూర్చుని ఉంటుంది. పది నంబరు పానాతో బోల్టు పూర్తిగా తీసేయాలి. సగం వదులు చేసి లాగితే రాదు, ఇరుసు గాడిలో బోల్టు అడ్డుపడుతుంది. కడ్డీని బయటికి లాగి, ఒక్క పన్ను పైకి తిప్పి, మళ్ళీ ఎక్కించాలి. ఒక్క పన్నుకే కొన దగ్గర సుమారు రెండు మూడు సెంటీమీటర్లు లేస్తుంది. అంత తేడా అక్కర్లేని వారికి, మధ్యలో సన్నని రాడ్డు ఉన్న బండ్లలో, రెండు చెక్ నట్లు వదులు చేసి ఆ రాడ్డుని తిప్పితే వెంట్రుకవాసి సర్దుకోవచ్చు. ఒక నట్టుకి మర ఎడమచేతివాటం, బలవంతం చేయకూడదు. గురి ఒక్కటే: మడమవైపు ఫుట్‌రెస్టు మీదే ఉండాలి, చీలమండ మాత్రమే కదలాలి. మరీ పైకి లేపితే నొక్కడానికి కాలు ఎత్తాల్సివస్తుంది, అది ఇంకొక నొప్పి.

కుర్రవాడికి భయం పట్టుకుంది. బండి కంపెనీది, ఏదైనా మార్చినట్టు కనబడితే జీతంలో కోస్తారని. ఉస్తాదు నవ్వి, "ఇది మార్చడం కాదు బేటా. తిప్పుకోవడానికే కదా తయారుచేసినవాడు పళ్ళు పెట్టింది" అన్నాడు. అయినా కుర్రవాడు సూపర్వైజరుకి ఫోను చేసి అడిగిన తరువాతనే బోల్టు ఊడింది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

కుడివైపు కూడా చూశాడు ఉస్తాదు. బ్రేకు పెడలు ఫుట్‌రెస్టుకన్నా బాగా ఎత్తులో ఉంది. బూటు ఎప్పుడూ దాని మీద ఆనుకునే ఉంటోంది. వెనక ఎర్రదీపం వెలిగే ఉంటోంది. డెలివరీ బండి వెనక కారు నడుపుతూ "వీడు ఊరికే బ్రేకు వేస్తాడేం" అని విసుక్కున్నవారు మనలో లేరా? దీపం ఎప్పుడూ వెలిగితే, నిజంగా ఆగినప్పుడు వెనకవాడికి తెలిసేదెలా? ముందు పెడలు ఎత్తు దించి, తరువాత వెనక రాడ్డు నట్టుతో రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉంచి, చివరకు దీపం స్విచ్చు సర్దాడు. ఈ వరస తప్పితే మొదటికి వస్తుందట.

వెనక చక్రం చేత్తో తిప్పుతూ అయిదు గేర్లూ వేయించి చూశాడు. నాలుగోది, అయిదోది మూడేసి సార్లు. పాత దారి మరవడానికి మాత్రం పానా లేదని, రెండు వారాలు పక్క వీధుల్లో నోటితో "పైకి, పైకి" అనుకుంటూ నడపమన్నాడు. కుర్రవాడి ఫోను మోగింది. మన్సూరాలో ఎవరికో దోసెలు అందించాలి. హెల్మెట్టు పెట్టుకుని, మాకిద్దరికీ చెయ్యెత్తి, బండి కదిలించాడు. వీధి మలుపు దాకా వినబడింది: ఒకటి, రెండు, మూడు. మలుపు దగ్గర ఎర్రదీపం వెలిగి, ఆరింది.