తీర్పు తీర్చొద్దని ఎవరికి చెబుతున్నాం?

మా పేట మందిరంలో తరచూ వినబడే మాట ఒకటుంది. "తీర్పు తీర్చకూడదు, తీర్పు దేవుడిది." ఈ మాట మంచిదా చెడ్డదా అని కాదు నేనడిగేది. ఏ సందర్భంలో బయటికొస్తుంది, ఎవరి నోరు మూయిస్తుంది అని అడుగుతున్నాను.

నాకు చిన్నమ్మ వరసయ్యే ఒకామె ఉంది. భర్త తాగొచ్చి కొట్టేవాడు. ఆయన సంఘ పెద్ద, ఆదివారం కానుక సంచి పట్టుకుని తిరిగే మనిషి. ఒకరోజు ఆమె వాచిన మొహంతో పాస్టరయ్యగారి దగ్గరికెళ్లింది. "మనమెవరమమ్మా తీర్పు తీర్చడానికి? ప్రార్థన చేసుకో" అని పంపించేశారు. ఇంకో ఏడాది భరించి, చివరికి పోలీస్ స్టేషన్‌కెళ్లింది. అప్పుడు సంఘం మేలుకుంది. విశ్వాసి మీద విశ్వాసి కేసు పెడుతుందా అంటూ కమిటీ కూర్చుంది, పౌలు రాసిన ఉత్తరం తీసింది, ఆమెను ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరం పెట్టింది. తీర్పు దేవుడిదన్న సంగతి ఆ రోజు కమిటీలో ఒక్కరికీ గుర్తురాలేదు.

వాళ్లు తీసిన ఉత్తరం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, ఆరో అధ్యాయం. కోర్టుకెక్కొద్దని పౌలు ఎందుకన్నాడో కూడా అక్కడే ఉంది. అన్నదమ్ముల మధ్య న్యాయం చెప్పగల తెలివైనవాడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్ని నిలదీశాడు. అంటే తీర్పు చెప్పడం సంఘం బాధ్యత అన్నాడు. ఆ బాధ్యత వదిలేసిన సంఘానికి, బయట న్యాయం వెతుక్కున్న ఆడమనిషిని తప్పుపట్టే హక్కు ఎక్కడిది?

మత్తయి ఏడో అధ్యాయం కూడా సగమే చదువుతున్నాం. తీర్పు తీర్చొద్దన్న మాట దగ్గర ఆగిపోతున్నాం. యేసు అక్కడ ఆగలేదు. నువ్వు పక్కవాణ్ణి ఏ కొలతతో కొలుస్తావో అదే కొలత నీకూ వర్తిస్తుందన్నాడు. ముందు నీ కంట్లో దూలం తీసేసుకుంటే, పక్కవాడి కంట్లో నలుసు తీయడానికి చూపు తేటపడుతుందన్నాడు. నలుసును అలాగే వదిలేయమని ఎక్కడా అనలేదు. కంట్లో నలుసు పడ్డవాడికి అది తీసే మనిషి కావాలి.

యోహాను సువార్త ఏడో అధ్యాయంలో ఇంకా సూటిగా చెప్పాడు. విశ్రాంతి దినాన రోగిని బాగుచేశాడని ఆయన మీద కోపంగా ఉన్నవాళ్లతో, పైకి కనబడేదాన్ని బట్టి కాకుండా న్యాయంగా తీర్పు తీర్చమన్నాడు. నియమం తప్పిందని వాళ్లు చూశారు. మనిషి లేచి నడిచాడని చూడలేదు. ఎనిమిదో అధ్యాయంలో వ్యభిచారం చేస్తూ దొరికిందని ఒకామెను లాక్కొచ్చారు. మోషే ధర్మశాస్త్రం ఇద్దరికీ శిక్ష చెప్పింది కదా, మరి ఆ మగాడేడి? ఆడదాన్ని మాత్రమే లాక్కొచ్చిన తీర్పు అక్కడే కుంటిదైపోయింది.

మన దగ్గర పైచూపు తీర్పంటే కులం చూపు. తెలుగు సాహిత్యంలో దీనికి జాషువా కంటే పెద్ద సాక్షి లేడు. 1895లో వినుకొండలో పుట్టి, క్రైస్తవుడిగా పెరిగి, సంస్కృతం నేర్చి పద్యం రాశాడు. అగ్రకులాలవాళ్లు పుట్టుక చూసి అవమానించారు. తోటి క్రైస్తవులు పురాణాలు చదువుతున్నాడని తప్పుపట్టారు. ఒకరు కులం చూశారు, ఒకరు చేతిలో పుస్తకం చూశారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో గుడి గడప తొక్కలేని మనిషి, గుడిలోకి ఎగిరిపోగల గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. శివుడి పేరుంది కాబట్టి ఇది మనది కాదనే విశ్వాసులు ఇప్పటికీ ఉన్నారు. పేదవాడి ఆకలిని దేవుడి ముందు పెట్టి న్యాయం అడగడం ఆమోసు ప్రవక్త చేసిన పని కూడా. అదే జాషువా తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇవాళ ఆ పైచూపు మా విద్యార్థుల మీద పడుతోంది. మెళ్లో సిలువ, సర్టిఫికెట్‌లో హిందూ. "రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు" అని పుల్పిట్ మీద నుంచే అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మతానికి కట్టేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు తెరవలేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఎవరూ పేటను ఊరి మధ్యకు జరపలేదు. స్కాలర్‌షిప్ కోసం నలిగే పిల్లవాణ్ణి అబద్ధికుడనే నోరు, ఆ ఉత్తర్వును అన్యాయమనడానికి ఎందుకు పెగలదు?

ఇక దూలం సంగతి. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. అగ్రకులం నుంచి వచ్చిన విశ్వాసికి ముందు వరసలో కుర్చీ. పెళ్లి సంబంధం దగ్గర యేసు రక్తం కంటే కులం రక్తమే చిక్కన. ఇదేంటని ఎవరైనా లేచి అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "తీర్పు తీర్చకు బ్రదర్."

ఒంగోలులో ఒకప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే పెద్దకులాలవాళ్లు దూరమవుతారు. మిషనరీ జాన్ క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు. పెద్దకులాల పిల్లలు బడి వదిలిపోయారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఎవరినీ నొప్పించకుండా ఊరుకుని ఉంటే అదీ ఒక తీర్పే అయ్యేది. బలవంతుడి పక్షాన చెప్పిన తీర్పు.

న్యాయమైన తీర్పుకు నాకు తెలిసిన గుర్తులు మూడు. చెప్పేవాడు అదే కొలత కింద తానూ నిలబడాలి. ఇద్దరి మాటా విని ఉండాలి. తీర్పు అయ్యాక కిందపడ్డ మనిషి లేచి నిలబడగలగాలి. మా చిన్నమ్మ విషయంలో ఈ మూడూ లేవు. ఆమె ఇప్పుడు టౌన్లో మిషన్ కుట్టుకుని బతుకుతోంది. ప్రార్థన మానలేదు, సంఘం మారింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ కొలత చర్చికి మాత్రమే కాదు. ఒక్క ఫొటో చూసి ఫలానావాడు అమ్ముడుపోయాడని పోస్టు పెట్టేస్తున్నాం. వాడు మన గ్రూపువాడైతే "సందర్భం చూడాలి" అంటున్నాం. ఉద్యమంలో ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే "ఇప్పుడు కాదమ్మా, శత్రువుకు అలుసవుతాం" అంటున్నాం. పాస్టరయ్యగారి మాటకూ ఈ మాటకూ తేడా ఎక్కడుందో నాకు కనబడటం లేదు. మీకు కనబడితే కామెంట్లో రాయండి, మాట్లాడుకుందాం.

జై భీమ్.