అంటు, ఒంటరితనం, పరామర్శ

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి ‘సామాజిక దూరం’ అన్న మాట తెలుగులో వాడుకలోకి వచ్చింది. దూరం దేహాలకే గాని సంబంధాలకు కాదన్న ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెలలో ‘భౌతిక దూరం’ అన్న మాటకు మొగ్గు చూపింది. అంటరానితనాన్ని ఎరిగిన భాషలో ఈ భేదం చిన్నది కాదు.

కాజీపేట–విజయవాడ రైలుమార్గంలోని బోనకల్ వంటి ఊళ్లలో చావుదుఃఖానికి తొలి ఊరట పరామర్శ: వచ్చి, పక్కన కూర్చొని, చేయి పట్టుకోవడం. ప్రయాణికుల రైళ్లు ఆగాయి. అంత్యక్రియలకు 20 మందికి మించరాదన్నారు. వ్యాధిని నిలువరించడానికి ఆ నిబంధన అవసరమే. అయితే దుఃఖాన్ని పంచుకొనే దారి కూడా దానితోనే ఇరుకైంది. ఫోనులో ఓదార్పు వినిపించింది. మనిషి పక్కన లేడు.

ఏకాంతం మనిషి కోరుకొనేది, ఒంటరితనం మీద పడేది. తెలుగులో ‘అంటు’ రోగానికీ పేరే, మామిడికొమ్మను మరో మొక్కతో కలిపి కట్టే పనికీ పేరే. మొదటి అంటును ఆపే తొందరలో రెండోదాన్ని తెంచుకోరాదు.