గోడ ఎప్పుడు తడుస్తోంది?

విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో గోడల చెమ్మ పనులు చేస్తుంటాను. ఫోన్ చేసినవాళ్లు ఏ మందు కొట్టిస్తే పోతుందని అడుగుతారు. నేను మాత్రం గోడ ఎప్పుడు తడుస్తోందని అడుగుతాను. వాన పడ్డాకే తడిస్తే బయటి గోడో, డాబానో చూడాలి. ఏడాది పొడవునా ఒకేలా ఉంటే గోడలోని నీళ్ల పైపు మీద అనుమానం. పైవాళ్లు ఊరెళితే ఆరిపోయి, వచ్చాక మళ్లీ తేలితే వాళ్ల బాత్రూం నేల. ముఖ్యంగా నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న సందు. ఇది తేలేదాకా సుత్తి పట్టనివ్వను.

ఈ మూడింటికీ అందని తడి ఒకటుంది. ఎంవీపీ కాలనీలో ఒకావిడ పడగ్గదిలో తెల్లారేసరికి టైల్స్ మీద కాలు జారేంత నీరు చేరేది. పొద్దెక్కితే మాయం. పక్క బాత్రూం పైపు పగిలిందని ప్లంబరు రెండుచోట్ల టైల్స్ లేపాడు. కింద అంతా పొడిగానే ఉంది.

"బాబూ, ఇంక పగలగొట్టించే ఓపిక నాకు లేదు" అందావిడ.

"వద్దమ్మా. కిందింటివాళ్లు ఈ గది కింద ఏసీ వేస్తారా?"

వేస్తారు. తెల్లవార్లూ 18 మీద. ఫాల్స్ సీలింగ్ కూడా లేదు. 5 అంగుళాల శ్లాబు ఆ చలిని నేరుగా పైకి అందిస్తోంది. ఈవిడేమో కిటికీలు తెరిచి పడుకుంటారు, సముద్రపు గాలి లోపలికొస్తుంది. గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్నప్పుడు 26 డిగ్రీల కన్నా చల్లగా ఏది తగిలినా దాని మీద నీరు కడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే. కిందివాళ్లతో మాట్లాడి ఏసీ 26కి పెట్టించాక నేల ఆరింది. అన్నాళ్లూ పైపు కోసం వెతికారు!

ఏసీ గది గోడకు ఆనించి అవతలి గదిలో కట్టిన బీరువాలదీ ఇదే జబ్బు. లోపల గాలి ఆడదు, వెనక గోడ చల్లన. పట్టుచీరలకు బూజు పడుతుంది. చెక్క బీరువా అయితే రెండు అంగుళాలు ముందుకు జరపమంటాను.

అనుమానం ఉంటే ఎవరికి వారే చూసుకోవచ్చు. గోడను గుడ్డతో తుడిచి, అడుగున్నర పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు తడి పడితే నీరు గోడలోంచి వస్తోంది. పైన పడితే గాలిలోంచి. ఇంకో గుర్తు ఉప్పు. గోడ గుండా వచ్చే నీరు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను కరిగించి తెచ్చి తెల్లగా పొక్కిస్తుంది. గాలి తడికి ఆ తెలుపు ఉండదు, నల్ల బూజు చుక్కలే ఉంటాయి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టింది. అలాంటి వాన పిల్లరుకూ ఇటుక కట్టుబడికీ మధ్యనున్న వెంట్రుకంత పగుళ్లనూ, కిటికీ చట్రాల మూలలనూ వెతుక్కుంటూ వస్తుంది. ఆ పగుళ్లను బయటి నుంచే మూయాలి. లోపల వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే చాలని అమ్మేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. నీరు ఆగదు. రంగు వెనక చేరి ప్లాస్టరింగునే పొక్కించి ఊడదీస్తుంది. శ్లాబు మీద గోధుమరంగు మరక కనిపిస్తే అసలే ఆలస్యం చేయకూడదు. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులు మనుషుల మీదే పడతాయి.

లీకు ఆపిన మర్నాడే పెయింటరును పిలుస్తామంటారు చాలామంది, పండగ దగ్గరపడిందని. 9 అంగుళాల గోడ తాగిన నీరు వారంలో పోదు. ఊడిన పుట్టీ గీకేసి, ఫ్యాను పెట్టి, గోడను అలా వదిలేయమంటాను. నెల తర్వాత వచ్చి పాలిథిన్ ముక్క మళ్లీ అంటిస్తాను. లోపలి వైపు పొడిగా ఉంటేనే రంగు.