మా సందులోని బండ్లు

పెద్దబాటపై ప్రమాదము జరిగినచో, వెనుక వచ్చువారికి ఆ వార్త క్షణములో నందుచున్నది. 2013లో గూగుల్ సంస్థ కొనిన ‘వేజ్’ అను సెల్‌ఫోను సాధనమున బాటసారులే ప్రమాదములను, గోతులను ఒండొరులకు దెలుపుదురు. ముఖపరిచయము లేనివారి యుపకారము! మెచ్చవలసినదే. కాని ఆ వార్త జూచి మరలిన బండ్లెల్ల మావంటివారి సందులలో దూరుచున్నవి. వాకిట ముగ్గు నిలుచుట లేదు సరే, పసివారిని గడప దాటనీయ జంకుచున్నాము.

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రపు లియోనియా పట్టణమువా రిట్టి బాధ పడలేకయే 2018 జనవరిలో, రద్దీ వేళల పరులు రాకుండ సందులు మూసిరి. ఆ యేటనే న్యాయస్థానము అది చెల్లదనెను. బాట యందరిదే, మేమును కాదనము. అయితే వేజ్ పటములను దిద్దువారిలో పెక్కురు జీతము గోరని స్వచ్ఛంద సేవకులే. మా సందున బడి కలదనియు, రెండు బండ్లెదురైన నొదుగవనియు వారికి వ్రాయుచున్నాము.