ఓక్లండులో ఒక ప్రమాణం

ఓక్లండులో పారమౌంటు థియేటరు 1931లో సినిమాలకోసం కట్టినది. నేను వెళ్ళిననాడు అందులో సినిమా లేదు. వందలమంది పరదేశీయులు కుడిచెయ్యెత్తి నిలబడ్డారు. వారిలో మా చెల్లెలు!

గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు దాటింది. ఇంగ్లీషు, చరిత్ర, రాజ్యాంగం పరీక్షలు అయినాయి. మిగిలింది ప్రమాణమే. పూర్వదేశం పట్ల విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని పైకి చెప్పాలి. ఇలా పరాయి పౌరసత్వం పుచ్చుకుంటే, మన 1955 చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది.

అఖాతం దాటితే శాన్‌ఫ్రాన్సిస్కో. 1915లో అక్కడ దిగిన వైష్ణోదాస్ బగాయ్ గారికి 1921లో పౌరసత్వమిచ్చారు. భారతీయులు చట్టం చెప్పే 'తెల్లవారు' కారని 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మీదట బగాయ్ గారి పౌరసత్వం లాగేసుకున్నారు. ఏ దేశమూ తనది కాక, 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. చట్టం మారి మనవాళ్ళకు మళ్ళీ ఆ హక్కు వచ్చేసరికి 1946 అయింది. పాపం, ఆయన వదులుకున్నదేమిటో, పొందినదేమిటో!

ప్రమాణం ముగిసింది. చేతిలో చిన్న జెండాతో చెల్లెలు బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా, అమ్మకు ఇవాళ చెప్పకు. సంక్రాంతికి మనూరు రావాలన్నా నాకిక వీసా కావాలని తెలిస్తే బెంగపెట్టుకుంటుంది" అన్నది.