అభిరుచికి కొలబద్ద

"నీకు ఏ పని ఇష్టం?" అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం తరచుగా విద్యార్థిది కాదు. "డాక్టరు", "ఇంజనీరు" అన్న మాటలలో తల్లిదండ్రుల ఆశ, ఇరుగుపొరుగువారి మెప్పు, స్నేహితుల అనుకరణ కలగలిసి ఉంటాయి. వాటి నుండి సొంత అభిరుచిని వేరుచేసి చూపటానికే వృత్తి అభిరుచుల ప్రశ్నావళి పుట్టినది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో ఇటువంటి ప్రశ్నావళిని ప్రకటించినాడు. ఒక వృత్తిలో స్థిరపడినవారి ఇష్టానిష్టాలు ఇతరుల వాటికంటె ఎక్కడ భిన్నంగా ఉన్నవో కనుగొని, విద్యార్థి సమాధానాలు ఏ వృత్తివారికి చేరువగా ఉన్నవో చూడటం ఆయన పద్ధతి. 1933లో స్త్రీలకు వేరొక ప్రతి వచ్చినది. 1974లోగాని ఆ రెండూ ఒకటి కాలేదు. కొలబద్దలో సైతం సమాజపు కట్టుబాటు దాగి ఉండగలదన్నమాట.

మా విద్యార్థుల కొరకు తెలుగు, ఉర్దూ భాషలలో ప్రశ్నావళిని సిద్ధపరచ పూనుకొన్నప్పుడు మేము వృత్తుల పేర్లు విడిచి పనులనే అడిగినాము. "ఇంజనీరు కావటం ఇష్టమా?" అంటే హోదా సమాధానం చెబుతుంది. "ఆగిపోయిన కుట్టుమిషను విప్పి లోపం వెదకటం ఇష్టమా?" అంటే మనసు చెబుతుంది. ఉర్దూలో "షౌక్" అంటే తీరిక వేళల సరదా స్ఫురిస్తుంది కనుక "దిల్‌చస్పీ" అన్న మాటనే గ్రహించినాము. ఉర్దూ ప్రతిని మరొకరి చేత తిరిగి తెలుగు చేయించి, అర్థం సరిపోల్చి చూచినాము.

తరువాత కొద్దిమంది విద్యార్థులకు ఇచ్చి, ఒక్కొక్క వాక్యం వారికెట్లు అర్థమైనదో అడిగినాము. పరీక్షా దశ ఉద్దేశమే అది. "ఊరూరా తిరిగి సరుకు అమ్మటం" అన్న అంశం వద్ద ఒక విద్యార్థిని కలం ఆపి, "సార్, నాకు ఇష్టమా అని అడుగుతున్నారా, మా ఇంట్లో పంపుతారా అని అడుగుతున్నారా?" అన్నది. ఇష్టం లేక "కాదు" అన్నవారు, అనుమతి లేక "కాదు" అన్నవారు ఒకే లెక్కలో చేరితే ఆ లెక్కకు విలువేమి? అప్పటి నుండి ప్రతి అంశానికి రెండు గళ్లు ఏర్పడినవి: "నాకు ఇష్టం", "ఇంట్లో ఒప్పుకొంటారు".

కొన్ని వారాల తరువాత మళ్లీ అడిగినా సమాధానాలు నిలవటాన్ని విశ్వసనీయత అంటారు. కొలవదలచినదానినే కొలవటం ప్రామాణ్యత. ఎప్పుడూ పది నిమిషాలు వెనుకనే ఉండే గడియారానికి నిలకడ ఉన్నది, కాని అది చూపే వేళ తప్పు. అట్లే, ఇంటి భయం ఎన్నిసార్లు అడిగినా మారదు. ఆ నిలకడను చూచి దానిని అభిరుచి అనుకోరాదు.

విద్యార్థులారా, అభిరుచి వేరు, సామర్థ్యం వేరు. ప్రశ్నావళి తీర్పు చెప్పదు, మీరు ఆలోచించవలసిన దిక్కును మాత్రమే చూపుతుంది. కార్యవర్గ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మొదటి గడిలో "అవును", రెండవ గడిలో "కాదు" అని ఉన్న పత్రాలను విడిగా తీయించండి. ఆ విద్యార్థుల అంగీకారంతో వారి తల్లిదండ్రులను పిలిచి మాట్లాడే ఏర్పాటు చేయండి.